వెళ్లే టికెట్ ఒక్కటే: బ్యాంకాక్‌లో దిగి, రైల్లో పడాంగ్ బెసార్ దాటేదాకా

బ్యాంకాక్‌లో దిగి, రైల్లో దక్షిణానికి వెళ్లి, మలేషియా చూసుకుని కౌలాలంపూర్ నుంచి విమానం ఎక్కేవాళ్లకు బ్యాంకాక్ రిటర్న్ టికెట్ దండగ. అందుకే చాలామంది వన్‌వే తీసుకుంటారు. టూరిస్ట్ వీసా మీద వన్‌వే టికెట్‌తో వెళ్లడం తప్పేమీ కాదు. కాకపోతే థాయ్‌లాండ్ నుంచి ఎప్పుడు, ఎలా బయటపడతారన్నది కాగితం మీద కనిపించాలి. ఈ ప్రశ్న వీసా దరఖాస్తులో ఒకసారి, ఎయిర్‌లైన్ కౌంటర్‌లో ఒకసారి, మన ఇమ్మిగ్రేషన్‌లో ఒకసారి, బ్యాంకాక్‌లో ఇంకోసారి వస్తుంది. నాలుగు చోట్లా ఒకే జవాబు ఉండాలి. కింద రాసిందంతా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ల కోసం.

నెల రోజుల ముందు

అన్నిటికంటే ముందు పాస్‌పోర్టు తెరిచి ‘ఇసిఆర్’ ముద్ర ఉందేమో చూడండి. పదో తరగతి సర్టిఫికెట్ లాంటివి పెట్టకుండా తీసుకున్న పాస్‌పోర్టులకు ఈ ముద్ర పడుతుంది. అంటే ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ఎమిగ్రేషన్ అనుమతి కావాలని అర్థం. ఇది వర్తించే 18 దేశాల్లో థాయ్‌లాండ్, మలేషియా రెండూ ఉన్నాయి. ఉద్యోగానికి కాకుండా చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఆ అనుమతి అక్కర్లేదు గానీ, పాస్‌పోర్టు, వీసాతోపాటు రిటర్న్ టికెట్ చూపించాలి. కాబట్టి ముద్ర ఉన్నవాళ్లు వన్‌వే ఆలోచన పక్కన పెట్టడమే మంచిది. లేదంటే పదో తరగతి సర్టిఫికెట్ పెట్టి పాస్‌పోర్టు రీ-ఇష్యూ చేయించుకుని, ఆ తర్వాతే టికెట్ జోలికి వెళ్లండి. 2007 తర్వాత ఇచ్చిన పాస్‌పోర్టులో ఏ ముద్రా లేకపోతే ఈ బెడద లేనట్టే.

ఇక వీసా. భారతీయులకు వీసా లేకుండా ప్రవేశం ఇస్తున్నప్పుడు కూడా కొందరు టూరిస్ట్ వీసా తీసుకోవడానికి కారణం ఉంది. మినహాయింపు నిబంధనలు, రోజుల లెక్క ప్రభుత్వ నిర్ణయాన్ని బట్టి మారుతుంటాయి. వీసా చేతిలో ఉంటే ఎన్ని రోజులన్నది ముందే తేలిపోతుంది. సింగిల్ ఎంట్రీ టూరిస్ట్ వీసాను ఈ-వీసా సైటులోనే అప్లై చేయాలి. ఇందులో రెండు గడువులుంటాయి, వాటిని కలిపేసుకుని దెబ్బతినేవాళ్లు తక్కువేమీ కాదు. వీసా ఇచ్చిన రోజు నుంచి 3 నెలల్లోపు దేశంలోకి అడుగుపెట్టాలి, అది ఒకటి. అడుగుపెట్టిన రోజు నుంచి 60 రోజులు ఉండొచ్చు, అది రెండోది. వీసా కాగితం మీద కనిపించే ఆఖరి తేదీ ప్రవేశానికి సంబంధించినది. అక్కడ ఉండడానికి గడువు పాస్‌పోర్టులో వేసే స్టాంపును బట్టే.

దరఖాస్తులో ప్రయాణ బుకింగ్, బస, బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. వన్‌వే టికెట్ ఒక్కటే జతచేస్తే ఫైలు వెనక్కి రావచ్చు. కౌలాలంపూర్ నుంచి తిరుగు విమానం టికెట్ కూడా పెట్టి, మధ్యలో రైల్లో సరిహద్దు దాటుతున్నామని తేదీలతో ఒక పేజీ రాసి జోడిస్తే చదివేవాళ్లకు లెక్క కుదురుతుంది. ఆ పేజీ కాపీ దాచుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

టికెట్ల దగ్గర ఒక మాట. ఎయిర్‌లైన్ సైటులో ‘మల్టీ-సిటీ’ అనే చోట రాక బ్యాంకాక్‌కు, పోక కౌలాలంపూర్ నుంచి అని పెట్టి చూడండి. కుదిరితే రెండూ ఒకే పీఎన్‌ఆర్ మీద వస్తాయి, కౌంటర్‌లో స్క్రీన్ మీద రిటర్న్ టికెట్ లాగానే కనిపిస్తాయి. సగం తలనొప్పి అక్కడే పోతుంది. ధర కుదరకపోతే రెండూ విడివిడిగా కొనండి, కానీ కొనడం మాత్రం ముందే కొనండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మనవాళ్లలో చాలా ఉంటాయి. పేరు ఎలా ఎక్కించాలన్నదానికి ఒక్కో ఎయిర్‌లైన్ ఒక్కో పద్ధతి పెడుతుంది. కొనేముందే అడిగి తెలుసుకోండి.

బయటికి వెళ్లే టికెట్‌ను అద్దెకిచ్చే సైటులు బోలెడు. వాటిలో మంచి రకం ఏం చేస్తుందంటే, నిజమైన బుకింగ్ ఒకటి పెట్టి ఒకటి రెండు రోజులు నిలిపి ఉంచుతుంది, తర్వాత రద్దవుతుంది. మీ విమానం దిగేసరికి అది బతికి ఉందో లేదో చెప్పలేం. పైగా 6 అక్షరాల పీఎన్‌ఆర్ ఉన్నంత మాత్రాన టికెట్ ఉన్నట్టు కాదు. డబ్బు కట్టి జారీ అయిన టికెట్‌కు 13 అంకెల ఈ-టికెట్ నంబరు ఉంటుంది, మొదటి మూడు అంకెలు ఎయిర్‌లైన్ కోడ్. అనుమానం వచ్చిన కౌంటర్ మనిషి ముందు చూసేది ఆ నంబరే. ఇక పీడీఎఫ్‌లో పేరూ తేదీ మార్చి ఇచ్చే చెడ్డ రకం ఉంది. అది దొంగ పత్రం కిందికి వస్తుంది. టికెట్ లేనివాడికి దొరికే అవకాశం దొంగ టికెట్ చూపించినవాడికి దొరకదు. ఈ రెండు రకాల జోలికీ పోవద్దనే చెప్తాం. తేదీ తేల్చుకోలేనివాళ్లు పూర్తి రీఫండ్ వచ్చే టికెట్ కొనుక్కుని తర్వాత రద్దు చేసుకోవచ్చు. ‘రీఫండబుల్’ అన్న మాట కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవాలి. కొన్ని చవక ఎయిర్‌లైన్లు డబ్బుకు బదులు తమ దగ్గరే వాడుకునే క్రెడిట్ ఇస్తాయి, కొన్ని పన్నులు మాత్రమే తిరిగిస్తాయి. డబ్బే వచ్చేదైనా కార్డులోకి చేరడానికి వారాలు పట్టవచ్చు, అంత లిమిట్ ఉండాలి.

బయటికి వెళ్లే టికెట్ ఏ దేశానికి తీసుకున్నా, అక్కడికి ప్రవేశం మీకు ఉండాలి. సింగపూర్ టికెట్ చవగ్గా దొరికింది కదా అని తీసుకుంటే, ‘సింగపూర్ వీసా ఏదీ’ అంటారు. మలేషియా అయితే భారతీయులకు 2026 డిసెంబరు 31 వరకు 30 రోజులు వీసా లేకుండానే. అందుకే ఈ దారి.

రైలు టికెట్ కూడా ఇప్పుడే. థాయ్ రైల్వే వారి ఆన్‌లైన్ బుకింగ్‌లో బ్యాంకాక్ నుంచి మలేషియా సరిహద్దు స్టేషన్ పడాంగ్ బెసార్‌కు 45 నంబరు స్పెషల్ ఎక్స్‌ప్రెస్. రెండో తరగతి ఏసీ స్లీపర్ కింది బెర్తు వెయ్యి బాట్లకు అటూ ఇటూగా ఉంటుంది. బుకింగ్‌లో పాస్‌పోర్టు నంబరు అడుగుతుంది. పడాంగ్ బెసార్ దాకా వెళ్లే బెర్తులు తక్కువ, సెలవు రోజుల్లో ముందే అయిపోతాయి.

మూడు రోజుల ముందు

థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు, ‘టీడీఏసీ’. 2025 మే 1 నుంచి విదేశీయులందరికీ తప్పనిసరి, విమానంలో వచ్చినా, రోడ్డు మీద వచ్చినా, ఓడలో వచ్చినా. దిగే రోజుకు ముందు 3 రోజుల్లోనే నింపాలి, అంతకు ముందు తీసుకోదు. రుసుము లేదు. వెతికితే పైపైన వచ్చే సైటుల్లో డబ్బులు అడిగేవి ఉంటాయి. థాయ్ ఇమ్మిగ్రేషన్ వారి చిరునామా చివర ‘గో డాట్ టీహెచ్’ అని ఉంటుంది, అది కాకపోతే మూసేయండి.

ఇందులో ఎక్కువగా తప్పు పోయేది తేదీ. రాత్రి 11 గంటలు దాటాక ఎక్కే విమానం మర్నాడు తెల్లవారుజామున దిగుతుంది. రాసేది ఎక్కే తేదీ కాదు, దిగే తేదీ. బస చిరునామాలో రాష్ట్రం, జిల్లా, ఉపజిల్లా వేరువేరుగా ఎంచుకోవాలి, హోటల్ బుకింగ్ కాగితం పక్కన పెట్టుకుంటే తొందరగా అవుతుంది. తప్పు రాస్తే దిగేలోపు సరిదిద్దుకునే వీలుంది. చివర్లో క్యూఆర్ కోడ్ మెయిల్‌కి వస్తుంది. ఫోన్‌లో బొమ్మగా దాచుకుని, ఒకటి ప్రింట్ తీయండి. ఈ కార్డు వీసా కాదు, వీసాకు బదులు పనిచేయదు.

డబ్బు. టూరిస్ట్ వీసా మీద వచ్చేవాళ్ల దగ్గర మనిషికి 20,000 బాట్లు, కుటుంబానికి 40,000 బాట్లు, లేదా అంత విలువైన వేరే కరెన్సీ ఉండాలని నిబంధన. అందరినీ అడగరు. అడిగినప్పుడు మాత్రం నోట్లే చూపించమంటారు. బ్యాంకు యాప్ చూపిస్తే ఒప్పుకోవాలని ఎక్కడా లేదు. డాలర్లు అయినా సరిపోతాయి. మన దేశం నుంచి నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా తీసుకెళ్లొచ్చు కాబట్టి ఆ వైపు ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఒక ప్లాస్టిక్ ఫోల్డరు సర్దండి. వరస కూడా ముఖ్యమే: పైన ఈ-వీసా ప్రింట్, దాని కింద కౌలాలంపూర్ తిరుగు టికెట్, దాని కింద రైలు టికెట్, తర్వాత మొదటి రాత్రుల హోటల్, తర్వాత తేదీల పేజీ, ఉద్యోగముంటే సెలవు లెటరు, చివర బ్యాంకు స్టేట్‌మెంట్. అడిగిన కాగితం ఒకటే తీసి ఇవ్వాలి. మొత్తం ఫోల్డరు చేతిలో పెడితే అడగని ప్రశ్నలు మనమే తెచ్చిపెట్టినట్టు.

మొదటి రోజు

విమానం వేళకు మూడు గంటల ముందు కౌంటర్‌కు చేరండి. ఆన్‌లైన్ చెక్-ఇన్ అయినా పత్రాలు చూశాకే బోర్డింగ్ పాస్ ఇస్తారు. వన్‌వే ప్రయాణికులు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. బ్యాంకాక్ అధికారి కంటే ఈ కౌంటర్ మనిషే గట్టిగా పట్టుకుంటారు. అందుకు కారణముంది. ప్రవేశం దొరకని ప్రయాణికుణ్ని వెనక్కి తీసుకురావాల్సిన బాధ్యత తెచ్చిన ఎయిర్‌లైన్‌ది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఒప్పందంలోని 9వ అనుబంధం ఆ మాటే చెప్తుంది. సరైన పత్రాలు లేనివాళ్లను తెస్తే చాలా దేశాలు జరిమానా కూడా వేస్తాయి. తర్వాత వచ్చే ఖర్చు కంటే ఇక్కడే ఆపేయడం వాళ్లకు నయం.

వాళ్లు చూసే స్క్రీన్‌లో ‘టైమాటిక్’ ఉంటుంది. ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం ఐయాటా నడిపే వ్యవస్థ అది. పాస్‌పోర్టు ఏ దేశానిది, ఎక్కడికి వెళ్తున్నారు, ఏ వీసా ఉంది అని కొడితే ఆ దేశం నిబంధనలు వస్తాయి. అందులో రిటర్న్ లేదా ముందుకు వెళ్లే టికెట్ గురించిన వాక్యాన్ని శ్రద్ధగా చదివితే, ‘తప్పనిసరి’ అని ఉన్న దేశాలు వేరు, ‘లేకపోతే తిరస్కరించవచ్చు’ అని ఉన్నవి వేరు. ఈ రెండో రకం దగ్గరే నిర్ణయం కౌంటర్ మనిషి విచక్షణకు వెళ్తుంది. ఒకరు వదిలేస్తారు, పక్క కౌంటర్‌లో ఇంకొకరు ససేమిరా అంటారు.

అడిగితే ముందు విమానం టికెట్ ఇవ్వండి, రైలు టికెట్ కాదు. పడాంగ్ బెసార్ మలేషియాలో ఉందని అక్కడ చాలామందికి తెలియదు. రైలు టికెట్ చూసి ‘ఇది థాయ్‌లాండ్ లోపలి ప్రయాణమే కదా’ అంటారు. కౌలాలంపూర్ నుంచి తిరుగు టికెట్ చూపించి, దాని పక్కన రైలు టికెట్ పెట్టి, మ్యాపులో స్టేషన్ చూపించండి. ఒప్పుకోకపోతే వాదన పెంచొద్దు, సూపర్‌వైజర్ని పిలవమని మర్యాదగా అడగండి. ఆయనా కాదంటే ఆఖరి మార్గం, అక్కడే నిలబడి ఫోన్‌లో బ్యాంకాక్ నుంచి కౌలాలంపూర్‌కు రీఫండబుల్ టికెట్ కొనడం. తేదీ 60 రోజుల్లోపు ఉండాలి. కౌంటర్ మూసే వేళ దగ్గర పడితే దానికీ వ్యవధి ఉండదు, మూడు గంటల ముందు రమ్మన్నది ఇందుకే.

తర్వాత మన ఇమ్మిగ్రేషన్. 2017 జులై 1 నుంచి డిపార్చర్ కార్డు నింపే పని లేదు, ప్రశ్నలు మాత్రం ఉన్నాయి. కుర్రాళ్లు ఒంటరిగా, వన్‌వే టికెట్‌తో, థాయ్‌లాండ్‌కు అంటే అధికారి తల ఎత్తి చూస్తారు. అందులో ఆయన తప్పేమీ లేదు. థాయ్‌లాండ్‌లో ఐటీ ఉద్యోగమని పిలిపించి, సరిహద్దు దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాల పనిలో బంధిస్తున్నారని విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరిక ఇచ్చింది. అలా వెళ్లినవాళ్లు చాలామంది టూరిస్టులుగానే దిగారు. టికెట్ ఎవరు కొన్నారు, ఏం పని చేస్తారు, అక్కడ ఎవరైనా తెలుసా, ఎప్పుడు తిరిగొస్తారు. ఈ నాలుగింటికీ ఉన్నదున్నట్టు, ముక్తసరిగా చెప్పండి. ఎవరైనా ‘ఇమ్మిగ్రేషన్‌లో టూరిస్ట్ అని చెప్పు, ఉద్యోగం సంగతి ఎత్తకు’ అని నేర్పి పంపుతుంటే, ఆ ప్రయాణం మానేయడమే ప్రాణానికి మేలు.

బ్యాంకాక్ విమానాశ్రయం సువర్ణభూమిలో దిగాక ‘వీసా ఆన్ అరైవల్’ బోర్డు కింద మన దేశం వాళ్లు బారులు తీరి కనిపించొచ్చు. అలవాటుగా అందులో నిలబడితే గంట పోతుంది. చేతిలో ఈ-వీసా ఉన్నవాళ్లు వెళ్లాల్సింది మామూలు ఇమ్మిగ్రేషన్ క్యూలోకి. పాస్‌పోర్టుతోపాటు ఈ-వీసా ప్రింట్, బోర్డింగ్ పాస్ ముక్క, క్యూఆర్ కోడ్ చేతిలో పట్టుకోండి. ఫొటో, వేలిముద్రలు తీస్తారు.

ప్రశ్నలు రెండు మూడే ఉంటాయి: ఎన్ని రోజులు, ఎక్కడ బస, తిరుగు టికెట్ ఏది. ‘ఏడు రోజులు, తర్వాత రైల్లో మలేషియా, కౌలాలంపూర్ నుంచి ఇంటికి’ అంటే సరిపోతుంది. ‘ఇంకా అనుకోలేదు, నచ్చితే ఉంటాం’ అన్నదానంత చెడ్డ జవాబు లేదు. వన్‌వే టికెట్ పక్కన ఆ మాట చేరితే మనిషి ఇక్కడే ఉండిపోతాడేమో అన్న అనుమానానికి బలమిచ్చినట్టే. ల్యాప్‌టాప్ మీద పని చేసుకుంటానని గొప్పకు చెప్పేవాళ్లున్నారు. టూరిస్ట్ వీసా పనికిచ్చేది కాదు, ఆ మాటతో కొత్త ప్రశ్నలు మొదలవుతాయి.

పక్క గదిలోకి పంపితే కంగారు పడక్కర్లేదు. అక్కడ చూసేది మూడు విషయాలు: డబ్బు నోట్లు, హోటల్ బుకింగ్ నిజమా కాదా, బయటికి వెళ్లే టికెట్ బతికి ఉందా. తిరస్కరిస్తే 1979 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టంలోని 12వ సెక్షన్ కింద ఏ కారణమో కాగితం మీద రాసిస్తారు. చాలా కారణాలకు 48 గంటల్లోపు అప్పీలు చేసుకునే హక్కుంది. లేదంటే తెచ్చిన ఎయిర్‌లైన్ విమానంలోనే వెనక్కి పంపుతారు, ఆ ఖర్చును ఎయిర్‌లైన్ తర్వాత ప్రయాణికుడి నుంచి వసూలు చేసుకోవచ్చు. దీనికి అప్పీలుతో గెలవడం కంటే, తక్కువ పడ్డ కాగితం ఏదో అడిగి అక్కడికక్కడే చూపించడమే ఎక్కువ పనిచేస్తుంది.

స్టాంపు పడ్డాక కౌంటర్ దగ్గరి నుంచి కదలకండి. పేజీ తెరిచి చూడండి. దిగిన తేదీ, వీసా రకం, ఎప్పటివరకు ఉండొచ్చో ఆ తేదీ, ఈ మూడూ ఉంటాయి. రకం దగ్గర టూరిస్ట్ వీసా గుర్తుగా ‘టీఆర్’ ఉండాలి. ఈ-వీసాకు పాస్‌పోర్టులో స్టిక్కరు ఉండదు కాబట్టి, ప్రింట్ చూపించనివాళ్లకు పొరపాటున వీసా మినహాయింపు స్టాంపు పడే ప్రమాదముంది. తేదీ లెక్క చూడండి. దిగిన రోజు ఒకటో రోజు. మార్చి 1న దిగినవాళ్లకు 60 రోజులంటే ఏప్రిల్ 29, ఏప్రిల్ 30 కాదు. అర్ధరాత్రికి పది నిమిషాల ముందు దిగి, క్యూలో నిలబడి పన్నెండు దాటాక స్టాంపు వేయించుకుంటే లెక్క మర్నాటి నుంచి మొదలవుతుంది. అంకె సరిగా పడకపోయినా, చదవడానికి రాకపోయినా అప్పుడే చూపిస్తే నిమిషంలో సరిచేస్తారు. ఊళ్లోకి వెళ్లాక గుర్తిస్తే ఇమ్మిగ్రేషన్ ఆఫీసుల చుట్టూ తిరగాలి. స్టాంపు పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఊళ్లోకి ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ చవక, ఫయా థాయ్ దాకా 45 బాట్లు, అరగంట లోపు. రైలు ఉండే కింది అంతస్తులోని మారకం కౌంటర్లలో రేటు పైన ఉండే వాటికంటే బాగుంటుంది. ఏటీఎం అయితే విదేశీ కార్డుకు ఒక్కో విత్‌డ్రాకు 200 బాట్లకు పైనే కోస్తారు, చిన్న మొత్తాలు తీస్తే తడిసి మోపెడవుతుంది. టాక్సీకి మీటరు మీద 50 బాట్లు ఎయిర్‌పోర్టు రుసుము అదనం.

రెండో రోజు

విదేశీయుడు బస చేసిన 24 గంటల్లో ఇంటి యజమాని ఇమ్మిగ్రేషన్‌కు తెలియజేయాలి, ‘టీఎం30’ అంటారు. హోటళ్లు తమంతట తామే చేస్తాయి. అద్దె ఫ్లాటు తీసుకున్నవాళ్లు యజమానిని అడిగి రసీదు తీసుకోవాలి. ఏడు రోజుల ప్రయాణంలో దాని అవసరం పెద్దగా రాదు. గడువు పెంచుకోవాల్సి వస్తే మాత్రం ఆఫీసులో మొదట అడిగే కాగితాల్లో ఇది ఉంటుంది.

మూడు నుంచి ఆరో రోజు

ఇవి మీ రోజులు, ఎక్కడికి వెళ్లాలో చెప్పడానికి వేరే కథనాలున్నాయి. పాస్‌పోర్టు హోటల్ గదిలో భద్రంగా పెట్టి, ఫొటో పేజీ, స్టాంపు పేజీ కాపీలు జేబులో ఉంచుకుంటే సాధారణంగా చాలు.

మనసు మారి ఇంకొన్నాళ్లు ఉండాలనుకుంటే దారి ఉంది. టూరిస్ట్ వీసా గడువును ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో ఒకసారి 30 రోజులు పెంచుకోవచ్చు, రుసుము 1,900 బాట్లు. స్టాంపు తేదీ లోపే వెళ్లాలి. తేదీ దాటితే రోజుకు 500 బాట్ల జరిమానా, గరిష్ఠం 20,000 బాట్లు. డబ్బు కట్టేస్తే పోయేది కదా అనుకునేవాళ్లు రెండో సంగతి గమనించరు. 90 రోజులు మించి ఆలస్యమైతే తమంతట తామే వచ్చి చెప్పినా ఏడాది పాటు మళ్లీ రానివ్వరు. దారిలో పోలీసులకు దొరికితే ఆలస్యం కొద్ది రోజులే అయినా నిషేధం 5 ఏళ్లు, ఏడాది దాటితే 10 ఏళ్లు. జరిమానా ఒకటే, నిషేధమే వేరు.

ఆరో రోజు సాయంత్రానికి మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు కూడా నింపేయండి. దీనికీ అదే 3 రోజుల నియమం, దీనికీ డబ్బు కట్టక్కర్లేదు, దీనికీ నకిలీ సైటులున్నాయి. ప్రవేశించే చోటు దగ్గర విమానాశ్రయం కాకుండా భూమార్గం ఎంచుకోవడం మరచిపోవద్దు.

ఏడో రోజు

రైలు పాత స్టేషన్ హువా లంఫోంగ్ నుంచి కాదు. 2023 జనవరి నుంచి దూరప్రాంతాల రైళ్లు క్రుంగ్ థేప్ అఫివత్ స్టేషన్ నుంచి వెళ్తున్నాయి. బ్యాంకాక్ మెట్రో ఎంఆర్‌టీలో బాంగ్ సూ దగ్గర దిగాలి. స్టేషన్ చాలా పెద్దది, మెట్రో నుంచి ప్లాట్‌ఫామ్‌కు నడకే చాలాసేపు పడుతుంది. రైలు మధ్యాహ్నం నాలుగు దాటాక కదులుతుంది, అరగంట ముందైనా గేటు దగ్గర ఉండండి.

పెట్టె నంబరు తప్పకుండా సరిచూసుకోండి. ఈ రైల్లో ఎక్కువ పెట్టెలు సరిహద్దుకు ముందున్న దక్షిణ థాయ్ నగరం హాట్ యాయ్ దాకానే. అక్కడ వాటిని విడదీసి, రెండు పెట్టెలే పడాంగ్ బెసార్‌కు వెళ్తాయి. ఖాళీగా ఉందని వేరే పెట్టెలో పడుకుంటే తెల్లారి హాట్ యాయ్‌లో సామానుతో పరుగెత్తాలి. క్యాంటీన్ పెట్టె కూడా అక్కడే విడిపోతుంది కాబట్టి సరిహద్దు దగ్గరి ఆలస్యానికి నీళ్లు, తినడానికేమైనా ముందే దగ్గర పెట్టుకోండి. చీకటి పడ్డాక అటెండెంటు వచ్చి సీట్లను బెర్తులుగా మార్చి దుప్పటి పరుస్తాడు. కింది బెర్తు వెడల్పు, కిటికీ ఉంది. పై బెర్తు ఇరుకు, ఏసీ గాలి నేరుగా తగులుతుంది. ఆ కాస్త తేడా డబ్బు పెట్టడం దండగ కాదు. థాయ్ రైళ్లలో మద్యం నిషిద్ధం.

నవంబరు, డిసెంబరుల్లో వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. దక్షిణ థాయ్‌లాండ్‌లో అప్పుడే కుండపోత. 2025 నవంబరులో హాట్ యాయ్ మునిగి రైళ్లు ఆగిపోయాయి. బయటికి వెళ్లే దారి రైలు మీదే ఆధారపడి ఉన్నప్పుడు, స్టాంపు ఆఖరి తేదీకీ రైలు తేదీకీ మధ్య వారమైనా వదలండి. సుంగై కోలోక్ వైపు రైలు దారి ఇంకొకటి ఉంది గానీ అది యాలా, నరాతివాత్‌ల మీదుగా వెళ్తుంది. ఆ ప్రాంతాలకు చాలా ప్రయాణ బీమాలు వర్తించవు.

ఎనిమిదో రోజు

హాట్ యాయ్ నుంచి సరిహద్దు 45 కిలోమీటర్లు. పడాంగ్ బెసార్‌లో సామానంతా తీసుకుని దిగాలి. రెండు దేశాల కౌంటర్లూ ఒకే స్టేషన్ భవనంలో, ఒకదాని తర్వాత ఒకటి. ముందు థాయ్ కౌంటర్‌లో బయటికి వెళ్తున్నట్టు స్టాంపు. అది పడిందో లేదో చూసుకోకుండా ముందుకు వెళ్లొద్దు. అది లేకపోతే థాయ్ రికార్డుల్లో మీరింకా దేశంలోనే ఉన్నట్టు, మళ్లీ వచ్చినప్పుడు గడువు దాటినవాళ్ల లెక్కలోకి వస్తారు. పేజీలో లోపలికి వచ్చిన స్టాంపు, బయటికి వెళ్లిన స్టాంపు జతగా కనిపించాలి.

తర్వాత మలేషియా కౌంటర్. ఇక్కడా అదే ప్రశ్న, ఎప్పుడు వెళ్తారు. ఈసారి జవాబు సులువు, విమానం టికెట్ ఈ దేశం నుంచే. డిజిటల్ కార్డు, హోటల్, ఆ టికెట్ చూపిస్తే సరి.

గడియారం ఒక గంట ముందుకు జరపండి. మలేషియా థాయ్‌లాండ్ కంటే గంట ముందు. దీన్ని మరచి, చేతి గడియారంలో ఇంకా టైముందనుకుని కౌలాలంపూర్ రైలు వదులుకునేవాళ్లు ప్రతి సీజన్‌లో ఉంటారు. థాయ్ రైలు ఆలస్యం అయ్యేదే కాబట్టి ముందుకెళ్లే మలేషియా ఎలక్ట్రిక్ రైలు ఈటీఎస్‌కు కనీసం మూడు గంటల ఎడం పెట్టుకోండి. ఈటీఎస్ కౌలాలంపూర్‌కు ఐదారు గంటలు తీసుకుంటుంది. శుక్ర, ఆదివారాల టికెట్లు ముందే అయిపోతాయి. పెనాంగ్ చూడాలనుకుంటే కమ్యూటర్ రైల్లో బటర్‌వర్త్‌కు రెండు గంటల లోపు ప్రయాణం. సీటు నంబర్లు ఉండవు, స్టేషన్‌లోనే టికెట్. స్టేషన్ పక్క నుంచే జార్జ్‌టౌన్‌కు ఫెర్రీ, 2 రింగిట్లు. కొన్ని రింగిట్లు బ్యాంకాక్‌లోనో హాట్ యాయ్‌లోనో మార్చుకుని దగ్గర ఉంచుకోండి.

తొమ్మిదో రోజు నుంచి

కౌలాలంపూర్ విమానాశ్రయానికి రెండు టెర్మినళ్లు. చవక ఎయిర్‌లైన్ల విమానాలు ఎక్కువగా రెండోదాని నుంచి. కౌలాలంపూర్ ప్రధాన స్టేషన్ కేఎల్ సెంట్రల్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైలుకు మొదటి టెర్మినల్ 28 నిమిషాలు, రెండోది 33. టికెట్ మీద టెర్మినల్ నంబరు చూసి దిగండి. తప్పు చోట దిగితే మళ్లీ రైలెక్కి అటు వెళ్లాలి. తిరుగు టికెట్ విడిగా కొన్నదైతే సామాను బరువు పరిమితి మొదటి విమానానికి ఉన్నట్టే ఉండదు, కౌంటర్‌కు వెళ్లేలోపే ఆన్‌లైన్‌లో చూసి, తక్కువైతే అక్కడే కొనేయండి.